చిత్రానికి చిక్కని కంపం: కృష్ణా డెల్టా నుండి మెదడు చిత్రణ చరిత్ర

వ్యాససంగ్రహం

ఎక్స్‌రే 1895లో వెలుగు చూసింది. కాని కంపవాతం, అంటే నేటి వైద్యులు పార్కిన్సన్ వ్యాధిగా వ్యవహరించే చలన రుగ్మత, ఆ తరువాత దాదాపు తొంభై ఏళ్ల దాకా ఏ చిత్రానికీ చిక్కలేదు. ఎముకను చూపిన చిత్రం ఈ రోగాన్ని ఎందుకు చూపలేకపోయింది, చివరకు ఏ దారిన చూపగలిగింది అన్న ప్రశ్నలను తెలుగువారి వైద్యచరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కృష్ణా డెల్టాలో పుట్టిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు జీవితం, పొదిలి ప్రాంతపు ఫ్లోరోసిస్ పరిశోధన, మద్రాసులో దూలగొండి గింజపై జరిగిన రసాయన పరిశోధన, హైదరాబాదులో రూపొందిన భారతీయ మెదడు పటం ఇందులో ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: కంపవాతం, పార్కిన్సన్ వ్యాధి, మెదడు చిత్రణ, కాకర్ల సుబ్బారావు, ఫ్లోరోసిస్, దూలగొండి, నిమ్స్, కృష్ణా డెల్టా.

1. పెదముత్తేవి

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో పెదముత్తేవి ఒక డెల్టా గ్రామం. కూచిపూడి కూడా ఆ మండలంలోనిదే. అడుగు, చేయి, మెడ, చూపు ఒకదానితో ఒకటి ఎలా కలిసి కదలాలో తరతరాలుగా నేర్పుతూ వచ్చిన ఊరికి అంత చేరువలో, మనిషి శరీరాన్ని నీడలుగా చదివే విద్యలో పేరు పొందిన వైద్యుడు పుట్టడం యాదృచ్ఛికమే. అయినా ఈ వ్యాసవిషయానికి అది తగిన ఆరంభం.

డాక్టర్ కాకర్ల సుబ్బారావు 1925లో పెదముత్తేవిలో జన్మించారు. చల్లపల్లిలో పాఠశాల చదువు, బందరు హిందూ కళాశాలలో ఇంటర్మీడియట్, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తి చేశారు. ఆనాడు కృష్ణా జిల్లా విద్యార్థి వైద్యుడు కావాలంటే జిల్లా దాటక తప్పదు. విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల ఏర్పడింది 1980లో. సుబ్బారావు 1951లో అమెరికా వెళ్లి రేడియాలజీలో శిక్షణ పొందారు. 1956లో తిరిగివచ్చి ఉస్మానియా వైద్య కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1970లో మళ్లీ అమెరికా వెళ్లారు. అక్కడ తానా వ్యవస్థాపకుల్లో ఒకరిగా నిలిచారు. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చి నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) సంచాలకులయ్యారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. 2021 ఏప్రిల్‌లో హైదరాబాదులో మరణించారు.

ఈ రాకపోకల తేదీలను చిత్రణ విద్య చరిత్ర పక్కన పెట్టి చూడాలి. ఆయన మొదటిసారి తిరిగివచ్చిన 1956లో మెదడు కణజాలాన్ని నేరుగా చూపే సాధనం ప్రపంచంలో ఎక్కడా లేదు. రెండవసారి తిరిగివచ్చిన 1986 నాటికి సి.టి. ఉంది, ఎం.ఆర్.ఐ. ఉంది, జీవించి ఉన్న మనిషి మెదడులో ఒక రసాయనం ఎక్కడ చేరుతున్నదో చూపే పెట్ చిత్రం కూడా ఉంది. ఒక్క వైద్యుని వృత్తిజీవితంలో సగభాగం గడిచేలోగా ఒక శాస్త్రం ఆమూలాగ్రం మారిపోయింది. సుబ్బారావు ప్రధానంగా ఎముకలు, కీళ్ల చిత్రాల నిపుణులు. మెదడు చిత్రణ చరిత్రను ఎముకల నిపుణునితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తెలుగునేల మీద నడక చెడిన రోగులకు చిత్రం తొలిసారి సమాధానం చెప్పింది ఎముక ద్వారానే.

2. చిత్రం చూడగలిగిన నడక

కృష్ణా కాలువల నీరు అందని నైరుతి మెట్టసీమలోని పొదిలి, దర్శి ప్రాంతాలు 1930లలో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి పల్లెల్లో నడివయసు రైతులకు ముందు నడుము, మెడ బిగుసుకుపోయేవి. పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక మొత్తం శరీరాన్ని తిప్పవలసివచ్చేది. కొన్నేళ్లకు కాళ్లు పట్టు తప్పి కొందరు మంచం పట్టేవారు. పైకి చూస్తే అది నరాల జబ్బే. బావినీటిలోని ఫ్లోరైడ్ దీనికి మూలమని షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ 1937లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. వీరిలో బార్నార్డ్ రేడియాలజిస్టు. 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఆరంభమైన రేడియాలజీ సంస్థ ఆయన పేరుతోనే వెలసింది.

ఎక్స్‌రేలో ఆ రైతుల వెన్నెముక సుద్దముక్కలా తెల్లగా, చిక్కగా కనిపించింది. ఎముకలను కట్టివుంచే బంధనాలు కూడా సున్నం పేరుకుని ఎముకలై ఉన్నాయి. లోపలి వెన్నుపాముకు చోటు తగ్గి, అది నలిగి, కాళ్లు చచ్చుబడుతున్నాయి. కారణం, స్థానం, తీవ్రత మూడూ ఒక్క ఫిల్ము మీద కనిపించాయి. తరువాతి దశాబ్దాలలో హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి నల్లగొండ జిల్లా రోగుల ఆధారంగా ఈ రంగంలో విస్తృతంగా పనిచేశారు. అంతర్జాతీయ నాడీవైద్య గ్రంథమాలలో 1979లో వెలువడిన సంపుటంలో ఫ్లోరోసిస్‌పై అధ్యాయం ఆయనదే. (శాతవాహనుల నాణేలపై ఆయన చేసిన కృషి చరిత్ర విద్యార్థులకు తెలిసిందే. అరిగిన నాణెం మీద అక్షరాన్ని పోల్చుకోవడమూ, ఎక్స్‌రే నీడను పోల్చుకోవడమూ ఒకే తీరు చూపును కోరతాయేమో.)

ఫ్లోరోసిస్‌లో ఇంత స్పష్టంగా మాట్లాడిన ఎక్స్‌రే కంపవాతం విషయంలో పూర్తిగా మౌనం వహించింది. చేయి వణుకుతూ, ముఖం కదలిక లేక, చిన్నచిన్న అడుగులతో నడిచే వృద్ధుని పుర్రెను ఎన్ని కోణాలలో చిత్రించినా ఆరోగ్యవంతుని పుర్రెకూ దానికీ తేడా కనబడదు.

3. పేరు తెలిసిన రోగం, చోటు తెలియని రోగం

రోగం పాతదే. తెలుగునేలలో విశేష ప్రచారం పొందిన వైద్యగ్రంథం బసవరాజీయం కంపవాత లక్షణాలలో కాళ్లుచేతుల వణుకుతో పాటు నిద్ర చెడడాన్ని, మతి క్షీణించడాన్ని కూడా చెప్పింది. ఇది గమనార్హం. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను వర్ణించి రాసిన చిన్న పుస్తకంలో బుద్ధి చెడదనే అభిప్రాయపడ్డాడు. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలోనే చూశాడు. నిద్ర, మతి ఈ వ్యాధిలో అంతర్భాగాలేనని పాశ్చాత్య వైద్యం గట్టిగా అంగీకరించింది గత కొన్ని దశాబ్దాలలోనే. అంతమాత్రాన బసవరాజీయంలోని కంపవాతమూ నేటి పార్కిన్సన్ వ్యాధీ అచ్చంగా ఒకటేనని తీర్మానించడం తొందరపాటే అవుతుంది. వణికే రోగాలు ఎన్నో ఉన్నాయి. మంచంపక్కన నిలిచి చూసిన వైద్యుని కన్ను ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి మాత్రం ఆ పోలిక పనికివస్తుంది.

కన్ను చూడలేనిది చోటు. మెదడు కాండపు పైభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని పట్టీ ఉంది. కంపవాత రోగులలో అది వెలిసిపోయి ఉండటాన్ని ట్రెటియాకాఫ్ 1919లో ప్యారిస్‌లో చూపాడు. చూపింది మరణానంతరం, కోసిన మెదడులో. దాదాపు అదే కాలంలో, 1918లో, అమెరికన్ శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ మెదడు కుహరాలలోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని కనుగొన్నాడు. ద్రవం ఉన్నచోట గాలి చేరితే కుహరం ఆకారం నల్లగా కనబడుతుంది. మెదడు కనబడదు, మెదడు మధ్య ఖాళీ కనబడుతుంది. రోగికి భరించరాని తలనొప్పి, వాంతులు. 1927లో మోనిజ్ రక్తనాళాల చిత్రాన్ని జోడించాడు. సి.టి. వచ్చేదాకా, అంటే అర్ధశతాబ్దం పాటు, మెదడు చిత్రణ అంటే ప్రధానంగా ఈ రెండే.

ఇంత మసక చిత్రంతోనే కంపవాతానికి శస్త్రచికిత్స చేసిన ఘట్టం ఈ చరిత్రలో అన్నింటికంటే ఆశ్చర్యకరమైనది. తలకు లోహపు చట్రం బిగించి, కొలతల ఆధారంగా మెదడు లోతులకు సన్నని సూదిని చేర్చే పద్ధతిని స్పీగల్, వైసిస్ 1947లో ఫిలడెల్ఫియాలో మనుషులపై ఆరంభించారు. 1960లలో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి విభాగంలో వి. బాలసుబ్రమణ్యం, ఎస్. కల్యాణరామన్ ఈ విద్యలో ప్రసిద్ధులయ్యారు. ఆంధ్రలో న్యూరోసర్జరీకి విశాఖపట్నంలో డాక్టర్ బాలపరమేశ్వరరావు పునాది వేశారు. అయినా తెలుగు జిల్లాల వారికి మద్రాసు పెద్దాసుపత్రి రాజధాని మారినంత తేలికగా దూరం కాలేదు.

ఆ శస్త్రచికిత్స జరిగే తీరు ఇది. సూది చేరవలసిన చోటు థాలమస్‌లో ఒక చిన్న భాగం. అది ఎక్స్‌రేలో కనబడదు. కనబడేది మూడవ కుహరం అంచు, దాని ముందూ వెనుకా ఉండే రెండు సంధిబిందువులు. ఆ రెంటినీ కలుపుతూ గీత గీసి, గీత నుండి ఇన్ని మిల్లీమీటర్లు పక్కకు, ఇన్ని పైకి అని లెక్కగట్టి, కనబడే ఖాళీ నుండి కనబడని లక్ష్యానికి దారి తీసేవారు. మనుషులందరి మెదళ్లూ ఒకే కొలతలో ఉండవు. అందుకే రోగిని మెలకువగా ఉంచి, లోపల చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, చేయి చాపమనేవారు. వణుకు ఆగితే చోటు సరైనదని అర్థం. చిత్రం దారి చూపింది, తీర్పు మాత్రం రోగి చేయే చెప్పింది.

4. 1937: రెండు పరిశోధనలు

పొదిలి ఫ్లోరోసిస్ పరిశోధన వెలువడిన 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాల నుండి ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి మరో పరిశోధన ప్రకటించారు. పొదల మీద పాకి, తాకితే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి గింజల నుండి ఎల్-డోపా అనే ఆమ్లాన్ని వారు వేరుచేశారు. ఆయుర్వేదంలో కపికచ్ఛు, ఆత్మగుప్త అని పేర్లున్న మొక్క ఇదే. ఈ రెండు వ్యాసాలకు ఆనాడు ఏ సంబంధమూ లేదు. ఒకటి బావినీటిలోని ఫ్లోరిన్ గురించి, మరొకటి గింజలోని డోపా గురించి.

డోపా ఎందుకు ముఖ్యమో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ తెలివిడిలో మరో భారతీయ మొక్క కూడా ఉంది. సర్పగంధి వేరు నుండి తీసిన రిసర్పిన్‌ను రక్తపోటుకు విస్తారంగా వాడుతున్న రోజులవి. ఆ మందు ఎక్కువైతే కొందరికి కంపవాతం వంటి లక్షణాలు వచ్చేవి. స్వీడన్‌లో ఆర్విద్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేసి, ఎల్-డోపా ఇచ్చి మళ్లీ కదిలించాడు. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ కంపవాత రోగుల మెదళ్లలో డోపమిన్ దారుణంగా తగ్గిపోయి ఉందని కనుగొన్నారు. 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులో డోపా ఇచ్చి ఏళ్ల తరబడి కదలని రోగులను నడిపించాడు. 1978లో వైద్య, ఆయన సహచరులు బొంబాయిలో దూలగొండి గింజల పొడితోనే రోగులకు చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారు.

ఎక్స్‌రే మౌనానికి కారణం ఇక్కడ బయటపడింది. కంపవాతంలో చెడేది ఆకారం కాదు, రసాయనం. కొన్ని లక్షల కణాలు నశించినా మెదడు రూపురేఖలు దాదాపు అలాగే ఉంటాయి. గాలి నింపినా, రక్తనాళాలకు రంగు ఎక్కించినా తగ్గిన డోపమిన్ కనబడే మార్గం లేదు. ఆకారాన్ని చూసే చిత్రం ఎంత పదునెక్కినా ఈ రోగానికి చాలదు. చిత్రం చూడవలసిన వస్తువే మారాలి.

అది 1983లో జరిగింది. కెనడాలోని హామిల్టన్ నగరంలో గార్నెట్, ఫర్నావ్, నహ్మియాస్ డోపా అణువుకు ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించి మనిషికి ఎక్కించారు. మెదడు లోతుల్లో డోపా చేరిన చోటు పెట్ యంత్రంలో మెరిసింది. జీవించి ఉన్న మనిషిలో డోపమిన్ వ్యవస్థ చిత్రంగా కనబడటం అదే మొదలు. కంపవాత రోగులలో ఆ మెరుపు తగ్గి ఉంటుందని తరువాతి పరిశోధనలు స్థిరపరిచాయి. 1937లో మద్రాసు రాజధాని నుండి వేర్వేరుగా వెలువడిన రెండు వ్యాసాల కథావస్తువులు, పొదిలి రైతుల ఎముకలను రాయిగా మార్చిన మూలకమూ దూలగొండి గింజలోని అణువూ, నలభై ఆరేళ్ల తరువాత ఒకే సూదిమందులో కలిశాయి.

5. లేదని చెప్పే చిత్రం

పెట్ కంటే ముందు వచ్చింది సి.టి. హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో లండన్‌లో తొలి రోగి మెదడు చిత్రం తీసింది 1971 అక్టోబరులో. అదే సంవత్సరం జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ అనేక కోణాల ఎక్స్‌రే నీడల నుండి అసలు రూపాన్ని తిరిగి నిర్మించే సులభమైన గణిత మార్గాన్ని ప్రకటించారు. నీడలను ఉన్నదున్నట్లు వెనక్కి పరిస్తే బొమ్మ అలుక్కుపోతుంది. ముందుగా ఒక జల్లెడ పట్టి పరిస్తే అంచులు తేటపడతాయి. ఆ జల్లెడకు నేటికీ వారి పేర్ల మీదుగా రామ్-లాక్ ఫిల్టర్ అనే పేరు.

1986లో సుబ్బారావు సంచాలకులైన నిమ్స్ అంతకు ముందు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. 1961లో ఎముకల చికిత్స కోసం ఆరంభమై 1980లో వైద్య విజ్ఞాన సంస్థగా మారింది. ఎముకల ఆసుపత్రి నాడీవైద్య పరిశోధన కేంద్రంగా ఎదగడం, ఎముకల చిత్రాలు చదివిన వైద్యుడే దానిని నడిపించడం ఈ చరిత్ర సాగిన దిశకు అద్దం పడతాయి. అదే సంవత్సరం విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడి, రాష్ట్రంలోని వైద్యవిద్య ఆ గొడుగు కిందికి వచ్చింది.

కంపవాత రోగికి సి.టి. తీస్తే చాలావరకు వచ్చే ఫలితం మామూలుగానే ఉంది అని. డబ్బు ఖర్చుపెట్టి వచ్చిన కుటుంబానికి ఇది నిరాశ కలిగించే మాట. కాని ఆ మాట విలువ తక్కువది కాదు. ముసలితనంలో నడక చెడటానికి వేరే కారణాలు ఉన్నాయి. ఎప్పుడో జారిపడినప్పుడు పుర్రె కింద నెమ్మదిగా చేరిన రక్తపుగడ్డ, 1965లో హకీం, ఆడమ్స్ వర్ణించిన మెదడునీటి ఉబ్బు, కణితి, చిన్నచిన్న రక్తనాళాలు మూసుకుపోవడం. వీటిలో మొదటి రెండూ శస్త్రచికిత్సతో నయం కాగలవు, లేదా బాగా మెరుగుపడగలవు. వయసు మీద పడింది, వాతం కమ్మింది అని ఇంట్లో మూలన కూర్చోబెట్టిన మనిషి మళ్లీ నడవగలడా లేదా అన్నది ఒక్కోసారి ఆ చిత్రం మీదే ఆధారపడింది. సి.టి. కంపవాతాన్ని చూపలేదు. కంపవాతం కానిదాన్ని చూపింది.

ఎం.ఆర్.ఐ. ఇంకొంచెం లోపలికి వెళ్లింది. కంపవాతాన్ని పోలి, మందుకు లొంగని క్షీణవ్యాధులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిలో మధ్యమెదడు కృశించి పక్కనుండి చూస్తే హమ్మింగ్‌బర్డ్ ఆకారం కనబడుతుంది. మరొకదానిలో మెదడు కాండం అడ్డకోతలో ఈస్టరు రొట్టె మీది శిలువ గీత కనబడుతుంది. ఈ దేశంలో లేని పక్షిని, ఎన్నడూ తినని రొట్టెను గుర్తుగా పెట్టుకుని విజయవాడ విద్యార్థి ఈ చిత్రాలు నేర్చుకోవాలి. 2014లో నాటింగ్‌హామ్ పరిశోధకులు మరో గుర్తు ప్రతిపాదించారు. శక్తిమంతమైన ఎం.ఆర్.ఐ.లో ఆరోగ్యవంతుని సబ్‌స్టాన్షియా నైగ్రా వెనుక భాగం చీలిన పిట్టతోకలా ఉంటుంది, కంపవాతంలో ఆ చీలిక చెరిగిపోతుంది. దీనికి పరాయి పక్షి అక్కరలేదు. డెల్టా పొలాల్లో గేదె వీపున వాలే ఏట్రింత తోకను తలచుకుంటే చాలు.

6. దూరం, సగం ఆయువు

పెట్ చిత్రం చరిత్ర రాసేటప్పుడు భౌతికశాస్త్రంతో పాటు రోడ్డు దూరాలనూ లెక్కించాలి. ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. దానిని తయారుచేయడానికి సైక్లోట్రాన్ కావాలి. హైదరాబాదు నుండి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు, రోడ్డు మీద అయిదు గంటల ప్రయాణం అనుకుంటే, బయలుదేరిన రేడియోధార్మికతలో గమ్యం చేరేది సుమారు 15 శాతం. మిగిలినది దారిలోనే క్షయమైపోతుంది. ఈ రోగం చిత్రానికి చిక్కిన తరువాత కూడా చాలాకాలం పెద్ద నగరాల రోగులకే చిక్కిందంటే, అందులో ఆర్థికం ఎంత ఉందో అణుధర్మం కూడా అంత ఉంది.

ఇందుకు మరో దారి టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు ఆరు గంటలు. పైగా అది మాలిబ్డినం-99 నింపిన చిన్న జనరేటరు నుండి ఆసుపత్రిలోనే రోజూ పిండుకోదగినది. పాడిగేదెను ఇంటివద్ద ఉంచుకున్నట్లే. ఆంగ్లంలో కూడా ఈ పనిని పాలు పితకడంతోనే పోలుస్తారు. డోపమిన్ నాడీకొనలకు అంటుకునే ట్రోడాట్ అనే అణువుకు టెక్నీషియంను జోడించే పద్ధతి 1990లలో పెన్సిల్వేనియాలో హాంక్ కుంగ్ బృందం రూపొందించింది. సైక్లోట్రాన్ అక్కరలేని ఈ పరీక్ష భారతదేశంలో వాడుకలోకి రావడం సహజమే.

ఈ చిత్రాలు మరో విషయం బయటపెట్టాయి. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో మత్తుమందు పేరిట ఎం.పి.టి.పి. అనే విషం ఎక్కించుకున్న యువకులు రోజుల్లో కంపవాత రోగులయ్యారు. అదే విషం సోకినా లక్షణాలు లేని కొందరిని 1985లో పెట్‌తో చూడగా వారి మెదడులోనూ మెరుపు తగ్గి ఉంది. రోగం పైకి తెలియకముందే లోపల నష్టం మొదలవుతుందన్న మాటకు ఇది కంటికి కనబడే రుజువు. ఎం.పి.టి.పి. శరీరంలో మారే రూపం పారాక్వాట్ అనే కలుపుమందును పోలి ఉంటుంది. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న విత్తే రైతు పరక మాడ్చడానికి చల్లేది ఆ మందునే. కాలిఫోర్నియా మధ్యలోయ రైతాంగంలో పారాక్వాట్‌కూ కంపవాతానికీ సంబంధాన్ని సూచించే అధ్యయనాలు వచ్చాయి. సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని రుజువైనట్లు కాదు. కాని డెల్టా గట్టు మీద ముక్కుకు గుడ్డ కూడా లేకుండా స్ప్రేయరు మోసే కూలీ విషయంలో, లక్షణాలకు ముందే నష్టం జరుగుతుందన్న 1985 నాటి చిత్రానికి ప్రత్యేకమైన అర్థం ఉంది.

7. ఎవరి మెదడు కొలమానం?

ఒక మెదడు కృశించింది అనాలంటే కృశించని మెదడు ఎంత ఉండాలో తెలియాలి. చిత్రణ పరిశోధకులు చాలాకాలం ఆధారపడిన తలైరాక్ పటం 1988లో ప్రచురితమైంది. అది అరవై ఏళ్ల ఒక ఫ్రెంచి స్త్రీ మెదడు ఆధారంగా గీసినది. తరువాత ప్రామాణికమైనది కెనడాలోని మాంట్రియల్‌లో అనేకమంది చిత్రాల సగటుగా రూపొందించిన పటం. తెలుగు వృద్ధుని మెదడును కంప్యూటరు కొలిచినా, లోలోపల పోల్చేది ఆ పటంతోనే. మద్రాసు శస్త్రవైద్యులు మూడవ కుహరం నుండి మిల్లీమీటర్లు లెక్కించిన నాటి సమస్యే ఇది, వేషం మార్చి తిరిగివచ్చింది.

హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వైద్యులతో కలిసి, వందమంది ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల ఎం.ఆర్.ఐ. చిత్రాల నుండి 2019లో తొలి భారతీయ మెదడు పటాన్ని ప్రకటించింది. పాశ్చాత్య పటంతో పోలిస్తే సగటు భారతీయ మెదడు పొడవు, వెడల్పు, ఘనపరిమాణాలలో చిన్నదని తేలింది. ఈ వార్తను కొందరు తెలివితేటలకు ముడిపెట్టి చర్చించడం అపార్థం. పటం చెప్పింది అది కాదు. పరాయి కొలమానంతో కొలిస్తే ఆరోగ్యవంతమైన మెదడునే కృశించినదిగా, అల్జీమర్స్ వంటి క్షీణవ్యాధికి తొలిమెట్టుగా పొరబడే అవకాశం ఉందన్నదే అందులోని అసలు హెచ్చరిక. అయితే ఈ పటం యువకులది. కంపవాతం, మతిమరుపు వచ్చేది అరవై దాటాక. డెబ్బై ఏళ్ల మెదడుకు ఇరవై ఏళ్ల మెదడు కొలమానం కాలేదు కనుక వయసులవారీ పటాల అవసరం అలాగే నిలుస్తుంది.

చిత్రాల వెనుక నడిచే యంత్రాంగాన్ని గణితంతో నమూనాగా నిర్మించే కృషిలోనూ తెలుగువారున్నారు. హైదరాబాదులో ఎస్. బాపిరాజు, మద్రాసు ఐ.ఐ.టి.లో వి. శ్రీనివాస చక్రవర్తి బృందాలు బేసల్ గాంగ్లియా పనితీరుపై పరిశోధనలు చేశాయి. చక్రవర్తి తెలుగులో ప్రజాదరణ పొందిన విజ్ఞానశాస్త్ర రచయిత కూడా కావడం వల్ల ఈ విషయాలకు తెలుగు వాక్యం అలవాటవుతున్నది.

8. చేయి, కాగితం

ఇన్ని చిత్రాలు వచ్చిన తరువాత వైద్యుని కన్ను ఎక్కడ నిలిచింది? లండన్ మెదడు భాండాగారంలో 1992లో హ్యూస్ బృందం, జీవించి ఉండగా కంపవాతమని నిర్ణయించిన వందమంది మెదళ్లను మరణానంతరం పరీక్షించగా 76 మందిలో నిర్ణయం సరైనదని తేలింది. నలుగురిలో ఒకరి విషయంలో పొరపాటు. చిత్రం కూడా తన వంతు చిక్కులు తెచ్చింది. 2000 తరువాత జరిగిన పెద్ద ఔషధ పరీక్షలలో, కంపవాతమని వైద్యులు నిర్ణయించిన కొందరి డోపమిన్ చిత్రాలు మామూలుగా ఉన్నాయి. వారిలో చాలామందికి ఉన్నది వేరే రకం వణుకని తరువాతి పరిశీలనలు సూచించాయి. అక్కడ కన్ను పొరబడింది, చిత్రం దిద్దింది. అయితే చిత్రం చెప్పగలిగేది కూడా డోపమిన్ తగ్గిందనే. అది కంపవాతమా, దాన్ని పోలిన మరో క్షీణవ్యాధా అని విడమరచడానికి ఆ ఒక్క చిత్రం చాలదు. మళ్లీ మంచం పక్కకే రావాలి. చూపుడువేలినీ బొటనవేలినీ పెద్దగా, వేగంగా కొట్టమని, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమని, గది దాకా నడిచి వెనక్కి తిరగమని అడగాలి.

2014లో చలన రుగ్మతల అంతర్జాతీయ పత్రికలో సఫినమైడ్ అనే మందుపై ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ప్రథమ రచయిత నిమ్స్ నాడీవైద్యుడు రూపమ్ బోర్గొహైన్. భారతదేశం, రుమేనియా, ఇటలీలలో 669 మంది రోగులు పాల్గొన్నారు. ఈ మందుకు ఐరోపాలో 2015లో, అమెరికాలో 2017లో అనుమతి లభించింది. అప్పటికి పెట్ ఉంది, ట్రోడాట్ ఉంది. మందు పనిచేసిందా లేదా అని తేల్చడానికి ప్రధాన కొలమానంగా తీసుకున్నది మాత్రం వీటిలో ఏదీ కాదు. రోగులకు ఒక దినచర్య పట్టిక ఇచ్చారు. రోజును అరగంటల చొప్పున గడులుగా విభజించిన కాగితం అది. ఈ అరగంట ఒళ్లు వశంలో ఉందా, బిగుసుకుపోయిందా, తనంతట తాను ఊగిందా, నిద్రలో గడిచిందా అని రోగులు తమకు తామే గడి వెంట గడి గుర్తు పెట్టుకుంటూ పోయారు.